రేణుక కోసం వేసిన తీగలు

2007 జూన్ 3, ఆదివారం

మళ్ళీ ఆగిపోయింది. కంప్యూటరు తెర మీద కూతురు రేణుక ముఖం సగం, గళ్ళు సగం. చేతులు లేచినట్టు తెలుస్తోంది, ఏం చెబుతున్నాయో తెలియడం లేదు. సుగుణ మంచం మీద నుంచి ఎడమచేయి ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. పది నిమిషాలు ఇదే. తర్వాత బొమ్మ పూర్తిగా పోయింది.

పుట్టుకతో చెవులు వినబడని పిల్లకు ఫోను ఎందుకు? దానికి మాట అంటే వాళ్ళమ్మ చేతులు, వాళ్ళమ్మ పెదవులు. కుప్పంలో డాక్టరమ్మ దాన్ని మంచం దిగవద్దంది — రెండుసార్లు పోయాయి, ఇది మూడోది, ఏడో నెల. ఇక్కడ సుగుణకు కుడిపక్క పడిపోయి మూడు నెలలు. మాట కూడా పోయింది. కూతురు పుంగనూరుకు రాలేదు, తల్లి కుప్పానికి పోలేదు. మధ్యలో ఈ తీగ ఒక్కటే.

బొమ్మ పోయే ముందు రేణుక టైపు చేసింది: "అమ్మ చేయి కనబడలేదు నాయనా."

జూన్ 4

అల్లుడు గజేంద్ర ఫోను చేశాడు. కుప్పంలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటాడు, సుగుణ మంచం ముందర ఉన్న ఈ కంప్యూటరూ అతను తెచ్చి పెట్టిందే. నెట్టు వేగం ఎంత వస్తోందో ఎక్కడ చూడాలో చెప్పాడు. చూశాను. రావలసిన దాంట్లో పావు వంతు.

"ఈడ బాగానే వస్తాండాది మామా. మీ ఇంట్లో వైరింగే తేడాగా ఉండాది."

మా ఇంట్లో వైరింగ్ అంటే నా వైరింగ్. ముప్ఫై ఏళ్ళుగా బోరు మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను. సోమల నుంచి కూడా కాలిన మోటార్లు నా షాపుకే తెస్తారు. నేను చుట్టిన తీగలో తప్పుందన్న రైతు ఇంతవరకు లేడు. సరేనని పెట్టేశాను. కోపం మాత్రం సాయంత్రం దాకా దిగలేదు.

జూన్ 5

రాగిజావ రెండు చెంచాలు. మూడోది తోసేసింది.

జూన్ 7

లైన్‌మ్యాన్ ఖాదర్‌ను పిలిపించాను. మా వీధికి ఫోను స్తంభాలు నాటినప్పటి నుంచి తెలిసినవాడు. వరండా గోడ మీది ఫోను పెట్టె తెరిచి, అక్కడి నుంచి లోపలికి పోయే నా తీగలన్నీ విడదీసి, మోడెం అక్కడే తగిలించాడు. కంప్యూటరు ఇద్దరం మోసుకొచ్చాం. పూర్తి వేగం. మళ్ళీ నా తీగలు కలిపాడు. పావు వంతు. నోటితో ఒక్క ముక్క అనకుండా రెండుసార్లు అలా చేసి చూపించాడు. ఏదైనా అనుంటే ఇంత మండేది కాదు.

ఆఖరికి అన్నాడు, "కరెంటు వైరింగ్ మాదిరి ఏసినావు గదన్నా. గదికొక కొమ్మ. యాల ఇన్ని?"

ఎందుకో అతనికీ తెలుసు. అడిగిన తర్వాత గుర్తొచ్చింది కాబోలు, తల వంచుకుని స్క్రూలు బిగించాడు. కొమ్మలన్నీ తీసేస్తే తప్ప లాభం లేదన్నాడు. కొమ్మ కొమ్మలోకీ పోయి వేగం చచ్చిపోతోందట.

పోతూ పోతూ ఒక చిన్న తెల్ల డబ్బా ఇచ్చాడు, స్ప్లిటర్. ఫోనును, నెట్టును వేరు చేసే సామాను. "దీన్ని ముందర పెట్టన్నా" అన్నాడు. కంప్యూటరు పక్కన పెట్టాను. స్టార్టరు ఎప్పుడైనా మోటారు పక్కనే ఉండాలి. అంత మాత్రం నాకు తెలుసు.

జూన్ 8

యాల ఇన్ని...

ఫోను వచ్చింది తొంభై ఆరులో. రేణుకకు పదమూడు. బెల్లు మోగితే ఇంట్లో అందరం లేచేవాళ్ళం, అది మాత్రం మా ముఖాలు చూస్తూ కూర్చునేది. ఏం జరిగిందో, ఎందుకు లేచామో దానికి తెలియదు. మూడో రోజు ఏడ్చింది. నాకు ఏడ్చే పిల్లతో మాట్లాడడం రాదు, తీగలతో పని వచ్చు. టెస్టర్ విప్పి, అందులో ఉండే చిన్న ఎర్ర బల్బు తీసి ఫోను తీగకు కట్టాను. బెల్లు మోగినప్పుడల్లా బల్బు వెలిగి ఆరింది. ఆ వారంలోనే హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, మిద్దె మీది గదిలో, ఆవుల కొట్టంలో, సుగుణ గదిలో. షాపులో మిగిలిన రాగితీగతో, కరెంటు తీగలు పోయే గొట్టాల్లోనే లాగేశాను. పిల్ల ఏ మూల ఉన్నా కనబడాలి, అదే నా ఆలోచన.

ఇక మా ఇంటికి ఫోను వస్తే ముందు రేణుకకే తెలిసేది. పరుగెత్తుకొచ్చి వాళ్ళమ్మ ముందు నిలబడి గుప్పిట మూసి తెరిచేది, మూసి తెరిచేది. ఫోను వచ్చిందని. సుగుణకు బెల్లు వినబడేది. అయినా రేణుక వచ్చి గుప్పిట చూపించేదాకా లేచేది కాదు. అవతల ఎవరైనా విసుక్కుని పెట్టేసినా సరే.

ఆ కొమ్మలు ఇప్పుడు నేనే నరకాలి.

జూన్ 10, ఆదివారం

నాలుగు నిమిషాలు. గళ్ళు. అంతే.

జూన్ 12

కొట్టంతో మొదలుపెట్టాను. సుగుణ పడిపోయిన తర్వాత ఆవులను అమ్మేశాం, కొట్టంలో ఇప్పుడు కట్టెలు. దూలం మీద నా అతుకు విప్పితే రాగి పచ్చగా చిలుం పట్టి ఉంది, ముట్టుకుంటే విరిగింది. ఇది నా చేతి పని. ఖాదర్ చూడనందుకు సంతోషించాను. సిగ్గు కూడా వేసింది.

జూన్ 14

మిద్దె గది, వంటిల్లు అయ్యాయి. వంటింటి తీగ గోడలో నుంచి రాలేదు. రెండు కొసలూ కత్తిరించి లోపలే వదిలేశాను.

వంటింట్లో బల్బు విప్పుతుంటే లెక్కపెట్టుకున్నాను, రేణుక సైగల్లో నాకు ఎన్ని వచ్చునని. అన్నం. రా. నిద్ర. ఫోను. నాలుగు. ఇరవై నాలుగేళ్ళకు నాలుగు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ కూర్చుని చేసుకున్న సైగలు అవి, ఏ బడిలోనూ నేర్పనివి. వర్షానికొకటి, మా అక్క ముక్కుపుడకకొకటి, నా కోపానికొకటి ఉండేది — అది చూపించుకుని ఇద్దరూ నవ్వేవాళ్ళు, నాకు చెప్పేవాళ్ళు కారు. నేను షాపులో ఉండేవాణ్ణి. సుగుణ చేతులు నేర్చుకుంది, నేను తీగలు లాగాను. అదే నా వంతు అనుకున్నాను.

జూన్ 17, ఆదివారం

సగం వేగం. బొమ్మ నిలిచింది.

సుగుణ ఎడమచేత్తో ఏదో చెప్పింది, నాకు తెలియని సైగ. రేణుక నవ్వింది. కుప్పంలో మంచం మీద దిండ్లకు ఆనుకుని, పొట్ట మీద చేయి పెట్టుకుని నవ్వింది. ఎన్ని రోజులైందో దాని నవ్వు చూసి. నేను కూడా నవ్వాను, ఎందుకో తెలియకపోయినా.

తర్వాత ముందుకు వంగింది. తెరలోకి దూరేటంత దగ్గరకు వచ్చి చూసింది. చేతులు ఆగిపోయాయి. టైపు చేసింది: "అమ్మ నోరు ఎందుకు అట్లుంది?"

కుడిచేయి కొంచెం నీరసంగా ఉందని మాత్రమే దానికి చెప్పాం. గజేంద్ర, నేను కలిసి అనుకున్న మాట. ఆ స్థితిలో ఉన్న పిల్లకు అంతకంటే ఏం చెబుతాం? నోరు వంకర పోయిందనీ, మాట పోయిందనీ చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి ఆ పెదవులు చూసి మాటలు ఏరుకున్న పిల్లకు.

వెలుతురు సరిగా లేదని టైపు చేశాను. కరెంటు పోయేలా ఉందని ఇంకో అబద్ధం టైపు చేసి స్విచ్చి ఆపేశాను.

జూన్ 18

ఇన్నాళ్ళు నేను బాగు చేస్తున్నది ఏమిటో ఇవాళ తెలిసింది. బొమ్మ ముక్కలుగా వచ్చినంత కాలం నా అబద్ధం నిలబడింది. ఒక్కో కొమ్మ తీసేకొద్దీ అది బయటపడుతోంది. నా చేత్తో నేనే విప్పుకుంటున్నాను.

ఇంకా రెండు కొమ్మలు ఉన్నాయి, హాలు, సుగుణ గది. ముట్టుకోను.

జూన్ 21

షాపుకు పోలేదు. స్క్రూడ్రైవరు అల్మరాలో పెట్టి తలుపు వేశాను. ఎవరో దాన్ని నా చేతికి ఇస్తారన్నట్టు.

జూన్ 24, ఆదివారం

లైను చచ్చిపోయిందని గజేంద్రతో చెప్పాను. నిజానికి నేనే తీగ పీకాను. పది గంటలకు సుగుణ నల్లటి తెర వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ తెర వైపు. ముప్ఫై ఏళ్ళ కాపురం, నా అబద్ధం తెలియకుండా ఎలా ఉంటుంది? గోడ వైపు తిరగాలని చూసింది, తిరగలేకపోయింది. నేను తిప్పాను.

జూన్ 27

మదనపల్లె. కారు వెనుక సీట్లో తల నా ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాను. డాక్టరు అన్నీ చూసి, నన్ను మాత్రం బయటికి పిలిచాడు. ఇంకొకసారి పక్షవాతం వస్తే తట్టుకోదు, ఎప్పుడన్నది చెప్పలేం అన్నాడు. చూసుకోవాల్సిన వాళ్ళుంటే చూసుకోమనండి అన్నాడు.

ఒక్కతే కదా ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా టమాటా లారీలు. సుగుణ కళ్ళు తెరిచి కారు పైకప్పును చూస్తూనే ఉంది. నాకు ఏడుపు వచ్చింది, డ్రైవరు ఉన్నాడని ఆపుకున్నాను.

జూన్ 28

గజేంద్రకు డాక్టరు మాట చెప్పాను. అతను అక్కడి సంగతి చెప్పాడు. వాళ్ళమ్మ నోరు చూసిన ఆదివారం నుంచి రేణుక సరిగా తినడం లేదట. అద్దం పెట్టుకుని తన నోరు ఒక పక్కకు లాగి చూసుకుంటోందట.

"సగం సగం సూసినందుకే ఎక్కువ భయపడతాండాది మామా. సూపిస్తే అంతా సూపించు. ఇంక దాసొద్దు."

డాక్టరమ్మను అడిగి, తనే రేణుకకు ముందుగా అంతా సైగలతో చెబుతానన్నాడు. పిల్లనిచ్చేటప్పుడు మాటలు వచ్చే అబ్బాయి చెవిటి పిల్లను ఏం చూసుకుంటాడని నేను గొణిగాను. అతను రెండేళ్ళలో దాని సైగలన్నీ నేర్చుకున్నాడు.

జూలై 1, ఆదివారం

గజేంద్ర అంతా చెప్పాడట. బీపీ కొంచెం పెరిగింది, డాక్టరమ్మ వచ్చి చూసి పోయింది. ఈ వారం కలవడం వద్దన్నారు. రేణుక సందేశం పంపింది: "వచ్చే ఆదివారం అమ్మ చేయి బాగా కనబడాల. తీగలు బాగు చెయ్యి నాయనా."

ఏమీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 3

హాలు కొమ్మ పోయింది. కొంచెం పెరిగింది. చాలదు. మిగిలింది సుగుణ గదిలో బల్బుదే, అన్నింటికంటే పొడుగు తీగ; కంప్యూటరుకు వచ్చేది వేరు.

జూలై 5

మంచానికి ఎదురుగోడ మీద, సరిగ్గా ఆమె చూపు పడేచోట ఉంది బల్బు. పడిపోయినప్పటి నుంచి ఫోను మోగితే సుగుణ కళ్ళు అక్కడికే పోతున్నాయి. బెల్లు వినబడుతున్నా సరే, వెలుగు కోసం చూస్తుంది. ఈ సంగతి నేను గమనించలేదని రాయను. గమనించాను.

స్టూలు వేసుకుని ఎక్కాను. వెనుక ఏదో కదిలినట్టయి తిరిగి చూస్తే ఎడమచేయి లేచి ఉంది. గుప్పిట మూసింది, తెరిచింది. మూసింది, తెరిచింది. నాకు తెలిసిన నాలుగింట్లో ఒకటి.

"ఫోను రాలేదు సుగుణా. తీగ తీసేస్తాండాను. ఇది తీస్తే బిడ్డ బాగా కనపడతాది."

చేయి అలాగే ఉంది. మళ్ళీ మూసి తెరిచింది. నేను ఇంకొకసారి అదే మాట చెప్పాను, గట్టిగా, చెవుడు ఆమెకే ఉన్నట్టు. చేయి దించేసింది. కత్తిరించాను. గోడ మీద చిన్న రంధ్రం, చుట్టూ సున్నం రాలిన మచ్చ మిగిలాయి.

వేగం చూశాను. పూర్తిగా వస్తోంది.

జూలై 8, ఆదివారం

ఎంత స్పష్టంగా వచ్చిందంటే, రేణుక గాజులు లెక్కపెట్టవచ్చు. కనుబొమల మధ్య పుట్టుమచ్చ కూడా కనబడింది. బొట్టు పెద్దది పెట్టుకుంది, వాళ్ళమ్మకు ఇష్టమని. ముందే ఏడ్చి ముఖం కడుక్కుని కూర్చున్నట్టుంది.

సుగుణను దిండ్లకు ఆనించాను, తల దువ్వాను, నోటి పక్క తుడిచాను. ఏదీ దాచలేదు. రేణుక తల్లి ముఖాన్ని చాలాసేపు చూసింది. పెదవి కొరుక్కుంది గానీ ఏడవలేదు. చేతులు ఎత్తి ఏదో అడిగింది. సుగుణ చేయి లేవలేదు. మళ్ళీ అడిగింది, నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు. మూడోసారి అడిగింది. దుప్పటి మీద ఆ చేయి అలాగే పడి ఉంది. కళ్ళు కూడా తెర మీద లేవు.

రేణుక టైపు చేసింది: "అమ్మ యాడ చూస్తాండాది?"

నేను వెనక్కి తిరిగి చూడనవసరం లేకపోయింది. "బల్బు ఉండిన చోట" అని టైపు చేశాను.

"బల్బు యాడ?"

"తీసేసినాను."

"యాల?"

ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టాను. "నువ్వు కనబడాలని."

అప్పుడు ఏడ్చింది. ఒక్క గీత కూడా చెదరకుండా, చక్కగా, దాని ఏడుపంతా కనబడింది. ఊరుకోమ్మా అని చెప్పే సైగ నాకు రాదు. అన్నం, రా, నిద్ర, ఫోను. ఈ నాలుగింట్లో ఏది చూపించను? రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గజేంద్ర వచ్చి దాని భుజం పట్టుకున్నాడు.

పదకొండేళ్ళ కిందట కట్టిన తీగంతా తీసేసి లైను శుభ్రం చేశాను. ఈ కొసన మాట్లాడేవాళ్ళే లేరు.

జూలై 10

ఖాదర్ వచ్చాడు, బొమ్మ ఎట్లా వస్తోందో చూద్దామని. విప్పి పెట్టిన బల్బులు టేబుల్ మీద చూశాడు. కంప్యూటరు పక్కన తెల్ల డబ్బా చూశాడు.

"ఈడ పెట్టినావా? ముందర పెట్టమంటే వరండాలో పెట్టె కాడ పెట్టమని గదన్నా. ఆడ పెట్టుంటే బల్బులన్నీ ఫోను పక్కకు పోయేవి, నెట్టు జోలికే రావు. ఒక్కటీ పీకే పని లేదు."

మరి ఆ రోజు కొమ్మలన్నీ తీయాలని ఎందుకన్నావని అడిగాను. డబ్బా సంచిలో ఉన్న సంగతి పోయేటప్పుడు గుర్తొచ్చిందట, ఇచ్చేస్తే నాకే అర్థమవుతుందనుకున్నాడట. వైండింగ్ చేసే మనిషివి గదా అన్నాడు.

అతన్ని అనడానికి ఏమీ లేదు. డబ్బా చేతిలో పెట్టి ముందర అన్నాడు. స్టార్టరు మోటారు పక్కన అని నేనే తేల్చుకున్నాను, అడగలేదు. అడిగితే ఏం పోయేది? ముప్ఫై ఏళ్ళ పనివాడిననే పొగరు తప్ప.

జూలై 11

మధ్యాహ్నం సుగుణకు మళ్ళీ వచ్చింది. జావ తాగిస్తున్నాను, చెంచా పళ్ళ మధ్య బిగిసింది. మదనపల్లెకు తీసుకుపోదామంటే ఇక్కడి డాక్టరు వద్దన్నాడు, దారికి తట్టుకోదట. కళ్ళు మూసుకుంది.

జూలై 12

కళ్ళు తెరవలేదు. శ్వాస ఉంది.

జూలై 13

చేతులకు ఏదో ఒక పని కావాలి. డబ్బాను వరండాలో పెట్టె దగ్గర కట్టాను. ఫోను కొస నుంచి సుగుణ గదికి కొత్త తీగ లాగాను, కరెంటు గొట్టంలో కాదు, విడిగా. అతుకు లేకుండా ఒకే తీగ. అదే రంధ్రంలో అదే బల్బు. గజేంద్రను ఒకసారి రింగు ఇవ్వమన్నాను. వెలిగింది. నెట్టు వేగం చూశాను. ఒక్క పిసరు తగ్గలేదు.

స్టూలు మీదే కూర్చుండిపోయాను. బల్బు కత్తిరించిన ఆ గురువారమే ఈ పని చేసి ఉంటే, ఆదివారం ఆమె కళ్ళు బల్బును వదిలి కూతురి వైపు తిరిగేవి. తిరిగేవేమో. ఇక ఎవరిని అడిగి తెలుసుకోను?

జూలై 14

రేణుక అడిగింది, అమ్మ కళ్ళు తెరిచిందా అని. లేదని రాశాను. ఇక అబద్ధం చెప్పను. రేపు పదికి తెర మీదికి వస్తానంది. అమ్మ చూడకపోయినా నేను చూస్తాను అని రాసింది. ఆ తర్వాత ఇంకొకటి రాసింది: "నీకు సైగలు నేర్పిస్తా నాయనా." సరే అని రాశాను.

జూలై 15, ఆదివారం

తొమ్మిదిన్నర. తల దువ్వాను. చీర మార్చాను. కంప్యూటరు పెట్టి ఉంది. పదికి ఐదు నిమిషాల ముందు రింగు ఇవ్వమని గజేంద్రతో చెప్పాను.

మోగుతోంది. నేను ఎత్తడం లేదు. ఎదురుగోడ మీద బల్బు వెలిగి ఆరుతోంది. కళ్ళు మూసే ఉన్నాయి. దుప్పటి మీద ఎడమచేయి గుప్పిట మూసి ఉంది — పొద్దున నేను సర్దినప్పుడు వేళ్ళు తెరిచే ఉన్నాయి కదా. లేక నేనే సరిగా చూడలేదేమో.

మోగుతూనే ఉంది. ఆ గుప్పిట వైపు చూస్తూ కూర్చున్నాను.